రెటీనా నాళాలు సన్నబడ్డాయా, ఫొటో మసకబారిందా? ఒక ప్రాజెక్టు డైరీ

1వ వారం: ఏం కొలవాలి, ఏ ఫొటోల మీద

వయసు మీదపడేకొద్దీ రెటీనా ధమనులు సన్నబడతాయి, కొమ్మల అల్లిక పలచబడుతుంది. పలు అధ్యయనాల్లో మళ్లీ మళ్లీ తేలిన సంగతే ఇది. ఆడవాళ్ల కళ్లకూ మగవాళ్ల కళ్లకూ తేడా ఉందన్నదీ కొత్త మాట కాదు. 2018లో గూగుల్ పరిశోధకుల నమూనా ఒక్క ఫండస్ ఫొటో (కంటి లోపలి వెనక భాగపు ఫొటో) చూసి ఆడో మగో ఏయూసీ 0.97తో (తప్పే లేకపోతే 1, ఊరికే ఊహిస్తే 0.5) చెప్పింది, వయసును సగటున 3.26 ఏళ్ల అటూ ఇటూగా పట్టేసింది. కానీ ధమని ఎన్ని మైక్రాన్లు తగ్గింది, అందులో వయసు వాటా ఎంత, ఆడ మగ తేడా వాటా ఎంత అన్నది అలాంటి నమూనా చెప్పదు. ఈ ప్రాజెక్టు పని ఆ లెక్క తేల్చడమే.

కొలిచేవి మూడు. ఆప్టిక్ డిస్క్ (రెటీనాలో కంటి నరం మొదలయ్యే గుండ్రటి చోటు) చుట్టూ ఉన్న ఆరు పెద్ద ధమనులు, ఆరు పెద్ద సిరల వెడల్పు. అల్లిక ఎంత దట్టంగా ఉందో చెప్పే ఫ్రాక్టల్ డైమెన్షన్. ఫోవియా (రెటీనాలో చూపు అన్నిటికంటే నిశితంగా ఉండే చోటు) నడుమ నాళాలు లేని ఖాళీ, అంటే ఎఫ్‌ఏజెడ్, విస్తీర్ణం. నిక్కచ్చిగా మాట్లాడితే డిస్క్ దాటాక కనిపించేవి ధమనికలు, సిరికలు. డైరీలో సులువు కోసం ధమని, సిర అనే రాస్తున్నాం. ఇంకో మాట: ఆరోగ్యంగా ఉన్న నాళం గోడ పారదర్శకం. ఫొటోలో కనబడేది లోపల పారే రక్తపు చార మాత్రమే. కొలిచేదీ దాన్నే.

ప్రధాన విశ్లేషణకు ఓడీఐఆర్ అనే ఫండస్ ఫొటోల సెట్. 5,000 మంది రెండు కళ్ల ఫొటోలు, వయసు, ఆడా మగా అన్న వివరం అందులో ఉన్నాయి. చిక్కులూ ఉన్నాయి. కెనాన్, జైస్, కోవా కెమెరాల ఫొటోలు కలగలిసి ఉండటంతో పిక్సెల్ కొలత ఫొటో ఫొటోకీ మారుతుంది. రక్తపోటు అంకెలు లేవు, కంటి పొడవు లేదు. అందులో ‘నార్మల్’ అన్న ముద్ర ఆ కంటి ఫొటో గురించే తప్ప మనిషి ఆరోగ్యం గురించి కాదు. నాళాలను నేపథ్యం నుంచి విడదీసే (సెగ్మెంటేషన్) నెట్‌వర్క్‌ శిక్షణకు డ్రైవ్ అనే సెట్ (40 ఫొటోలు, 565 × 584 పిక్సెళ్లు), అదే ఫొటోల మీద ధమని, సిర రంగులతో గుర్తించిన రైట్ సెట్, వెడల్పు కొలత పరీక్షకు మరో సెట్ అయిన హెచ్‌ఆర్‌ఎఫ్‌లోని 15 ఆరోగ్యవంతుల ఫొటోలు (3504 × 2336).

2వ వారం: పిక్సెల్‌కు ఎన్ని మైక్రాన్లు

కోడ్ రాసేముందు ఈ గుణకారం చేసుకుంటే సగం తప్పులు తప్పుతాయి. సగటు కంటిలో 1 డిగ్రీ అంటే రెటీనా మీద సుమారు 0.288 మి.మీ. 45 డిగ్రీల ఫొటో అంటే దాదాపు 13 మి.మీ. డ్రైవ్‌లో ఆ 13 మి.మీ. 540 పిక్సెళ్లలో ఇమిడింది, కాబట్టి పిక్సెల్‌కు 24 మైక్రాన్లు. హెచ్‌ఆర్‌ఎఫ్‌లో సుమారు 4 మైక్రాన్లు.

100 మైక్రాన్ల ధమని డ్రైవ్‌లో 4 పిక్సెళ్లు, హెచ్‌ఆర్‌ఎఫ్‌లో 25. సెగ్మెంటేషన్ అంచు ఒక్క పిక్సెల్ జరిగితే డ్రైవ్‌లో 24 శాతం తప్పు. మనం వెతికే వయసు ప్రభావం దశాబ్దానికి కొద్ది మైక్రాన్లే. అందుకే నిర్ణయం: డ్రైవ్ శిక్షణకే, వెడల్పుకు కాదు. ఓడీఐఆర్‌లో కూడా పిక్సెల్‌కు 10 మైక్రాన్ల కంటే ముతకగా ఉన్న ఫొటోలన్నీ వెడల్పు లెక్క నుంచి బయటికి. ఫొటోను పెద్దది చేస్తే పిక్సెళ్లు పెరుగుతాయి గానీ సమాచారం పెరగదు. ఆ దారిలో తెచ్చిన ‘హై రిజల్యూషన్‌’ను నమ్మవద్దు.

డిస్క్ వ్యాసం 1,800 మైక్రాన్లు అనుకుని దాంతో స్కేలు వేసే అలవాటు ఉంది. డిస్క్ పరిమాణం మనిషికీ మనిషికీ చాలా మారుతుంది. ఆ తేడా అంతా నాళం వెడల్పులోకి వచ్చి కూర్చుంటుంది. కెమెరా కోణంతో వేసిన స్కేలే వాడుతున్నాం.

3వ వారం: ఫొటో శుభ్రం

పెద్దగా చెప్పుకోవలసిందేమీ లేదు. ఆకుపచ్చ ఛానెల్ మాత్రమే, ఎందుకంటే హిమోగ్లోబిన్ ఆ కాంతిని బాగా పీల్చుకుని నాళం నల్లగా తేలుతుంది. వెలుతురు హెచ్చుతగ్గులు తీసేయడానికి నాళం కంటే చాలా పెద్ద మీడియన్ ఫిల్టర్‌తో నేపథ్యం అంచనా వేసి దాంతో భాగించడం. క్లాహే (ఫొటోను గళ్లుగా విడదీసి ఒక్కో గడిలో కాంట్రాస్టు పెంచే పద్ధతి) 8 × 8 గళ్లు, క్లిప్ పరిమితి 2.0, అదీ సెగ్మెంటేషన్‌కే. వెడల్పు కొలిచే ప్రొఫైల్ (నాళానికి అడ్డంగా వెలుగు ఎలా మారుతుందో చూపే గీత) మాత్రం క్లాహే తగలని ఆకుపచ్చ ఛానెల్ నుంచే తీయాలి. క్లాహే గడి గడికీ కాంట్రాస్టును సాగదీస్తుంది, అంచు సగం ఎత్తు ఎక్కడుందో మార్చేస్తుంది.

4వ వారం: ధమని ఏది, సిర ఏది

యూనెట్ (ఫొటోలో ఒక్కో పిక్సెల్ ఏమిటో చెప్పే న్యూరల్ నెట్‌వర్క్) తరహా నెట్‌వర్క్, 512 పిక్సెళ్ల ముక్కల మీద. శిక్షణ, పరీక్ష విభజన మనిషి వారీగా చేయాలి, ఫొటో వారీగా కాదు. ఒకే మనిషి ఎడమ కన్ను శిక్షణలో, కుడి కన్ను పరీక్షలో పడితే స్కోరు అబద్ధం చెబుతుంది.

ధమని, సిర తారుమారు కావడం ఎక్కువగా దాటుళ్ల దగ్గర (ఒక నాళం మీదుగా ఇంకోటి దాటే చోట్ల) జరుగుతుంది. ఒక సిర దాటు తర్వాత ధమనిగా మారిపోయి బయటికొస్తుంది. పిక్సెల్ పిక్సెల్‌కూ తీర్పు చెప్పించకుండా, అస్థిపంజరాన్ని (ఒక పిక్సెల్ మందపు నడిగీతను) ముక్కలుగా విడగొట్టి, ముక్కలోని పిక్సెళ్ల ఓటుతో ఆ ముక్కకంతా ఒకే పేరు పెడితే చాలావరకు సర్దుకుంటుంది. చివరికి డిస్క్ చుట్టూ ఉన్న పన్నెండు నాళాలను కంటితో చూసి ఖరారు చేయాల్సిందే. ఫొటోకు రెండు నిమిషాల పని. ఇది తప్పించుకుని యంత్రానికే వదిలేసిన ఏవీఆర్ (ధమని వెడల్పును సిర వెడల్పుతో భాగించిన నిష్పత్తి) అంకెలకు విలువ లేదు.

అసలు తంటా ధమని నడుమ మెరిసే తెల్లటి గీతతో. హెచ్‌ఆర్‌ఎఫ్ లాంటి నాణ్యమైన ఫొటోలో అడ్డకోత ప్రొఫైల్ ఒక లోయలా కాకుండా రెండు లోయల్లా వస్తుంది. కోడ్ ఒక లోయనే పట్టుకుని ధమని వెడల్పు సగానికి సగం అని రాసేస్తుంది. విరుగుడు రెండు రకాలు. మార్ఫలాజికల్ ఓపెనింగ్ (బిళ్ల కంటే సన్నటి తెల్లటి భాగాలను చెరిపేసే ఫిల్టర్): పిక్సెల్‌కు 4 మైక్రాన్ల ఫొటోలో 9 నుంచి 11 పిక్సెళ్ల వ్యాసం ఉన్న బిళ్లతో చేస్తే గీత పూడిపోతుంది. అయితే పక్కపక్కనే పారే రెండు నాళాల నడుమ సందు కూడా పూడిపోయి అవి ఒకే లావాటి నాళమవుతాయి. రెండోది, పెద్ద గాసియన్ (గంట ఆకారపు వక్రరేఖ) లోంచి చిన్న గాసియన్ తీసేసిన ఆకారాన్ని ప్రొఫైల్‌కు అమర్చడం. నిదానంగా నడుస్తుంది, కానీ సందులను మింగదు. రెండోదే ఉంచాం.

ఈ మెరుపు అన్ని వయసుల్లో ఒకేలా ఉండదు. ధమని గోడ గట్టిపడేకొద్దీ గీత వెడల్పవుతుంది. కుర్ర కళ్లలోనేమో నరాల పొర మీద తళతళలు నాళాల పక్కన దొంగ అంచులు పుట్టిస్తాయి. అంటే కొలతలో తప్పే వయసును బట్టి మారుతోంది. ఇదే అనుమానంతో తర్వాతి వారమంతా కృత్రిమ నాళాల మీద గడిచింది.

5వ వారం: మసక పరీక్ష

ప్రాజెక్టు మొత్తంలో ఎక్కువ నేర్పిన వారం ఇదే. వయసుతోపాటు కంటి లెన్సు మసకబారుతుంది, కంటిపాప చిన్నదవుతుంది. ఆ మసక వెడల్పును ఎటు నెడుతుంది? నిజమైన ఫొటోల్లో నిజం తెలియదు కాబట్టి, వెడల్పు ముందే తెలిసిన నాళాన్ని గీసి మసక చేయాలి.

పద్ధతి: నల్లటి పట్టీ, వెడల్పు వె పిక్సెళ్లు, కాంట్రాస్టు 1. దాని మీద సిగ్మా 2 పిక్సెళ్ల గాసియన్ మసక (సిగ్మా పెరిగేకొద్దీ మసక పెరుగుతుంది). తర్వాత రెండు రకాలుగా కొలత. ఒకటి, సగం ఎత్తు వెడల్పు: నాళం సొంత లోతులో సగం దగ్గర. రెండు, స్థిరమైన గీత: కాంట్రాస్టు 0.5 దాటితేనే నాళం, లేకపోతే నేపథ్యం. ఈ రెండోది చాలా సెగ్మెంటేషన్ల ప్రవర్తనకు దగ్గర.

వె 12: సగం ఎత్తు దగ్గర 12.0, స్థిర గీతతోనూ 12.0. మసక ఏమీ చేయలేదు.
వె 6: సగం ఎత్తు దగ్గర 6.67, స్థిర గీతతో 5.98. మొదటి పద్ధతిలో 11 శాతం లావు.
వె 3: సగం ఎత్తు దగ్గర 5.17, స్థిర గీతతో 1.86. ఒకటి 72 శాతం ఎక్కువ, ఇంకొకటి 38 శాతం తక్కువ.
వె 2: లోతు 0.38కి పడిపోయింది. స్థిర గీతకు నాళమే లేదు.

దీని అర్థం సూటిగా ఉంది. ఒకే మసక వెడల్పును పెంచి చూపుతుంది, కొమ్మలను తుడిచేస్తుంది. లావాటి సిరలకు ఏమీ కాదు; వాటి పక్కన సన్నగా ఉండే ధమనులు లావెక్కుతాయి; ఏవీఆర్ పైకి పోతుంది. కాబట్టి పెద్ద వయసువాళ్లలో ధమని నిజంగా సన్నబడినా ఆ తగ్గుదలలో కొంత కనబడకుండా పోతుంది. ఫ్రాక్టల్ డైమెన్షన్ విషయంలో రివర్స్: చిట్టిచివరి కొమ్మలు మాయమై, లేని తగ్గుదల కూడా కనబడుతుంది. వయసు ప్రభావం వెడల్పులో తక్కువగా, అల్లికలో ఎక్కువగా కనబడిందంటే అనుమానించాల్సింది ముందు లెన్సునే.

సిగ్మాను ఫొటో నుంచి ఎలా రాబట్టాలి? లావాటి సిర అంచు దగ్గర వెలుగు 10 శాతం నుంచి 90 శాతానికి ఎక్కడానికి పట్టే దూరం కొలిచి 2.563తో భాగించాలి. సిర వెడల్పు కనీసం సిగ్మాకు 5 రెట్లు ఉండాలి, లేకపోతే రెండు అంచులు ఒకదాంట్లో ఒకటి కలుస్తాయి. రక్తపు చార గుండ్రటిది కాబట్టి అంచు నిలువు గోడలా ఉండదు. వచ్చే సిగ్మా అసలు కంటే కాస్త ఎక్కువే. ఫొటోలను ఒకదాంతో ఒకటి పోల్చడానికి చాలు.

దిద్దుబాటుగా ముసలి ఫొటోలను పదును చేయలేదు. పదును చేస్తే మచ్చలు కూడా నాళాలవుతాయి. బదులు అన్నిటినీ ఒకే మసకకు దించాం. మసకలు వర్గాల లెక్కన కలుస్తాయి: సిగ్మా 1.2 ఉన్న ఫొటో 2.0కు చేరాలంటే అదనంగా 1.6 వేయాలి (4.00 నుంచి 1.44 తీస్తే 2.56, దాని వర్గమూలం 1.6). 2.0 కంటే మసకగా ఉన్నవి బయటికి. కుర్ర కళ్ల చక్కటి ఫొటోలను చేతులారా పాడుచేయడం బాధగానే ఉంటుంది, కానీ పోలిక నిలబడుతుంది.

6వ వారం: వలయం, ఆరు నాళాలు, ఒక అంకె

డిస్క్ అంచు నుంచి అర వ్యాసం దూరంలో మొదలై ఒక వ్యాసం దూరంలో ముగిసే వలయం, అంటే బీ జోన్. డిస్క్ కేంద్రం నుంచి చెప్పాలంటే 1.0 నుంచి 1.5 వ్యాసాల మధ్య. అందులో ఆరు పెద్ద ధమనులు, ఆరు పెద్ద సిరలు. ప్రతి నాళాన్ని 3 పిక్సెళ్లకోసారి అడ్డంగా కోసి, మీడియన్ తీసుకోవాలి. దాటుకు రెండువైపులా ఒక నాళం వెడల్పంత జాగా వదిలేయాలి. వలయం లోపలే చీలితే చీలకముందు భాగమే. ఆరు దొరకని కంటిని వదిలేయడమే మేలు, ఐదుతో నెట్టుకురావద్దు.

ఆరింటినీ ఒక అంకెగా కలపడానికి 2003లో నుడ్ట్‌సన్ బృందం సవరించిన సూత్రం. పెద్దదాన్ని చిన్నదాంతో జత కట్టి, రెండింటి వర్గాల మొత్తానికి వర్గమూలం తీసి, ధమనులకు 0.88తో, సిరలకు 0.95తో గుణించాలి. ఒకటే మిగిలేదాకా అదే పని. కోడ్ సరిచూసుకోవడానికి నమూనా లెక్క ఇది. ధమనులు 110, 104, 98, 90, 82, 76 మైక్రాన్లు. 110, 76 కలిసి 117.66, 104, 82 కలిసి 116.55, 98, 90 కలిసి 117.09. మూడింటిలో పెద్దదీ చిన్నదీ కలిసి 145.74, మధ్యది దాంతో కలిపితే 164.5. ఇదే సీఆర్‌ఏఈ, అంటే ఆరు ధమనులకూ కలిపి ఒక్క వెడల్పు. సిరలు 140, 128, 120, 112, 104, 96 అయితే వాటి ఒక్క వెడల్పు, అంటే సీఆర్‌వీఈ, 251.3. ఏవీఆర్ 0.65. కోడ్ ఇంతకు భిన్నంగా ఇస్తే ముందు చూడాల్సింది ప్రతి రౌండులో మళ్లీ క్రమంలో పేరుస్తోందా లేదా అన్నది.

ఇక్కడ వయసు ఇంకో దొంగదారిలో చొరబడుతుంది. వయసుతో డిస్క్ చుట్టూ రంగు వెలిసిన అంచు పెరుగుతుంది. ఆటోమేటిక్ డిస్క్ గుర్తింపు దాన్ని కూడా డిస్క్‌లో కలిపేసుకుంటుంది. వ్యాసం పెరుగుతుంది, వలయం బయటికి జరుగుతుంది, అక్కడికి నాళాలు ఒకసారి చీలి సన్నబడి ఉంటాయి. ధమని తగ్గిందని రిపోర్టు వస్తుంది. తగ్గలేదు, జాగా మారింది. 60 దాటినవాళ్ల ఫొటోలన్నిటిలో డిస్క్ అంచును చేత్తో గీశాం. కొలిచేవారు మరోలా మొగ్గకుండా, వయసు దాచిపెట్టి కుర్ర ఫొటోలూ కొన్ని కలిపి గీయాలి.

7వ వారం: కంటి పొడవు

ఆడవాళ్ల కన్ను మగవాళ్ల కంటి కంటే సగటున అర మిల్లీమీటరు పొట్టి. చూడటానికి చిన్న తేడా. కంటి పొడవును బట్టి ఫొటో స్కేలును దిద్దే బెనెట్ సూత్రం ప్రకారం అసలు పరిమాణం కంటి పొడవులోంచి 1.82 తీసేసిన దానికి అనులోమం. 23.8 మి.మీ. మగ కన్ను, 23.3 మి.మీ. ఆడ కన్ను తీసుకుంటే 21.98ని 21.48తో భాగించాలి: 1.023. దిద్దకపోతే ఆడవాళ్ల నాళాలు 2.3 శాతం లావుగా కనబడతాయి. 164 మైక్రాన్ల మీద అది 3.8 మైక్రాన్లు. ‘ఆడవాళ్ల ధమనులు వెడల్పు’ అని రాసిపెట్టేయడానికి ఈ మాత్రం చాలు.

వయసుకూ ఇదే సంగతి. కొత్త తరాల్లో హ్రస్వదృష్టి ఎక్కువ, కళ్లు పొడుగు, నాళాలు సన్నగా కనబడతాయి. కుర్రవాళ్ల నాళాలు అసలు కంటే సన్నగా పడితే ముసలివాళ్లతో తేడా తగ్గుతుంది. మసక నెట్టిన వైపే ఇదీ నెడుతోంది.

ఓడీఐఆర్‌లో పొడవు లేదు కాబట్టి దాని మీద ఆడ మగ వెడల్పు తేడాను మైక్రాన్లలో ప్రకటించం. ఏవీఆర్ నిష్పత్తి కాబట్టి స్కేలు కొట్టుకుపోతుంది. అది మాత్రం ఇస్తాం. కొత్తగా ఫొటోలు తీసేవాళ్లు బయోమీటర్‌తో పొడవు కొలవాలి, లేదంటే కనీసం అద్దాల పవరు రాసుకోవాలి. కెఫీన్ నాళాలను కుదిస్తుంది కాబట్టి ముందు కాఫీ తాగించకూడదు. గుండె కొట్టుకునే ప్రతిసారీ వెడల్పు కాస్త మారుతుంది కాబట్టి కంటికి మూడు ఫొటోలు తీసి సగటు చూడాలి.

8వ వారం: ‘ఆరోగ్యవంతులు’ ఎవరు, లెక్క ఎలా

రక్తపోటు 140/90 లోపు, హెచ్‌బీఏ1సీ (గత కొన్ని నెలల సగటు చక్కెర చెప్పే రక్తపరీక్ష) 6.5 శాతం లోపు, కంటి జబ్బు లేదు అన్న జల్లెడ 30 ఏళ్లవాళ్లలో కొద్దిమందినే ఆపుతుంది. 75 ఏళ్లవాళ్లలో మిగిలేది గట్టి పిండాలే. వాళ్లను వీళ్లతో పోల్చితే వయసు ప్రభావం అసలు కంటే తక్కువగా వస్తుంది. జల్లెడ వదులుచేస్తే వయసు బదులు రక్తపోటును కొలిచినట్టవుతుంది. దీనికి మధ్యేమార్గం లేదు. రక్తపోటు అంకెలున్న సెట్ అయితే (ఓడీఐఆర్‌లో అవి లేవు) రక్తపోటు కలిపి ఒకటి, కలపకుండా ఒకటి, రెండు నమూనాలూ పక్కపక్కనే ఇవ్వాలి.

నమూనా నిర్మాణం: మిక్స్‌డ్ మోడల్, రెండు కళ్లు ఒకే మనిషివి కాబట్టి మనిషికి రాండమ్ ఇంటర్‌సెప్ట్ (ఒక్కో మనిషికి సొంత మొదలు విలువ). వయసులోంచి 50 తీసేసి దశాబ్దాల్లో. ఆడ మగ పదం, వయసుతో దాని గుణకారం, కెమెరా. మెనోపాజ్ సాధారణంగా 45, 55 మధ్య వస్తుంది; నాళాలను సడలించే ఈస్ట్రోజన్ అక్కడ పడిపోతుంది, ఆ తర్వాత ఆడవాళ్ల రక్తపోటు మగవాళ్లను అందుకుంటుంది. అందుకే ఒకే సరళరేఖ చాలదు, 50 దగ్గర ముడి ఉన్న స్ప్లైన్ (ముడి దగ్గర వాలు మారగల రేఖ) కావాలి. సిరల విషయంలో పొగతాగడం, ఊబకాయం రెండూ సిరను వెడల్పు చేస్తాయి. మగవాళ్లలో పొగతాగేవాళ్లు ఎక్కువైతే అది ఆడ మగ తేడాలా వేషం వేసుకుని వస్తుంది.

9వ వారం: ఎఫ్‌ఏజెడ్

ఇది ఫండస్ ఫొటోతో అయ్యే పని కాదు, ఓసీటీ యాంజియోగ్రఫీ (రంగు ద్రవం ఎక్కించకుండా కాంతితో సన్నటి నాళాలను చూపే స్కాన్) కావాలి. ఓసీటీఏ-500 సెట్‌లో 3 మి.మీ. స్కాన్‌లు 200 మందివి ఉన్నాయి, వయసు, ఆడా మగా, జబ్బు వివరాలతో సహా. 304 గీతల్లో 3 మి.మీ. అంటే పిక్సెల్‌కు 9.9 మైక్రాన్లు. కేశనాళిక అంతకంటే సన్నం. కాబట్టి నాళాల విస్తీర్ణపు శాతం వాడొద్దు, నడిగీత పొడవే లెక్కపెట్టాలి.

ఎఫ్‌ఏజెడ్ ఆడవాళ్లలో పెద్దదని, వారి ఫోవియా నడుమ రెటీనా పలచన అని తెలిసిందే. ఆ రెండూ కలిసే నడుస్తాయి. కానీ విస్తీర్ణంలో కంటి పొడవు తప్పు వర్గమవుతుంది: 1.023 కాస్తా 1.047. దిద్దని 0.30 చదరపు మి.మీ.లో 0.013 ఉత్త కొలత మాయే. సిగ్నల్ బలం వయసుతో పడిపోతుంది, దాంతోపాటు కొలతలో వచ్చే నాళాల సాంద్రతా పడిపోతుంది. యంత్రం చూపే స్కోరును నమూనాలో పెట్టకుండా వయసు రేఖ గీయకూడదు.

మిగిలిన పని: 5వ వారపు మసకను 20 నుంచి 35 ఏళ్లవాళ్ల ఫొటోల మీద మాత్రమే వేసి, సీఆర్‌ఏఈ, ఫ్రాక్టల్ డైమెన్షన్ ఎంత జరుగుతాయో చూడాలి. ఆ జరుగుబాటును 8వ వారపు వయసు రేఖ పక్కన అదే స్కేలులో గీయాలి. రెండు రేఖలూ ఒకదాని మీద ఒకటి పడితే ఫ్రాక్టల్ ఫలితాన్ని పట్టిక నుంచి తీసేస్తాం.